ఊరికే ఇచ్చిన తోడు

కొండల నడుమ సూసమీర్ లోయలో పాలు అమ్ముకునేవాళ్ళున్నారు, వెన్న అమ్ముకునేవాళ్ళున్నారు, అవసరం పడితే గుర్రాన్ని అమ్మి గుడారం వెనక్కి వెళ్ళి ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. తోడు అమ్ముకున్న ఇల్లాలు మాత్రం లేదు. పాలలో వేసే ఆ చెంచాడు పెరుగుకి ధర కడితే ఆ ఇంటి ఆవు ఒట్టిపోతుందంటారు. అడిగినవాళ్ళకి లేదనకూడదు, ఇచ్చి డబ్బు పుచ్చుకోకూడదు, పొద్దుగుంకాక తెల్లనిదేదీ చేతులు మారకూడదు. సల్కినాయ్‌కి ఇవన్నీ వాళ్ళమ్మ ఉగ్గుపాలతో రంగరించి పోసింది.

పెళ్ళినాడు ఆ తల్లి కూతురి పెట్టెలో పరుపులూ దుప్పట్లూ సర్ది, అన్నిటి మీదా అరచేయంత గుడ్డముక్క ఒకటి పెట్టింది. పుట్టింటి పెరుగులో ముంచి, నీడపట్టున ఆరబెట్టిన గుడ్డ అది. గోరువెచ్చటి పాలలో వేసింది, తెల్లారేసరికి పుట్టింటి పెరుగు అత్తింటి చెక్కబానలో గడ్డకట్టింది. ముందు పులుపు, వెనకాల సన్నటి తీపి, చివర్న బానకి పట్టించిన అర్చా చెట్టు కొమ్మల పొగ వాసన. ఆ చలికాలంలోనే తల్లి పోయింది. పద్నాలుగేళ్ళుగా సల్కినాయ్ ఆ తోడు తెగనివ్వలేదు. అమ్మ చేతి రుచి లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు మరి.

మూడేళ్ళ కిందట ఆమెకి ఫోన్లో కురుత్ అమ్మాలని బుద్ధి పుట్టింది. పెరుగుని మూటగట్టి నీళ్ళు ఓడ్చి, ఉప్పు కలిపి, ఉండలు చేసి ఎండబెడితే కురుత్. ఎండు ద్రాక్షలా ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. చాపల మీద ఆరబోసిన ఉండల్ని ఫొటో తీసి, "స్వచ్ఛమైన కురుత్, కావలసినవారు రాయండి" అని పెట్టింది. రాసినవాళ్ళు లేరు. వాళ్ళ పెద్దత్త ఒక్కతే ఎర్ర గుండె బొమ్మ పంపింది, అదీ పొరపాటున వేలు తగిలిందట.

పదిహేనో రోజున రాజధాని బిష్కెక్ నుంచి ఎవరో ఒకావిడ రాసింది. "అక్కా, కురుత్ వద్దుగానీ కాస్త తోడు దొరుకుతుందా? ఇక్కడి పాకెట్ పాలు ఎంత చేసినా గడ్డకట్టడం లేదు. పిల్లలు పెరుగు మొహం చూసి ఎన్నాళ్ళయిందో." అడిగాక లేదంటుందా? సల్కినాయ్ ఒక గుడ్డముక్కని తోడులో ముంచి, ఆరబెట్టి, కవరులో పెట్టి పంపించింది. పాలు ఎంత కాచాలి, ఎంత చల్లారనివ్వాలి, గిన్నెకి కంబళి ఎలా చుట్టాలి అన్నీ ఫోన్లో మాట్లాడి పంపించింది. గుడ్డ అందిన మర్నాడు ఆవిడ గడ్డపెరుగులో నిలబెట్టిన చెంచా ఫొటో పెట్టి, ఎవరిచ్చారో పేరూ ఊరూ రాసింది. ఇంక చూడండి, అడిగేవాళ్ళు చీమల్లా బయల్దేరారు.

వేసవిలో మందలతో పైన పచ్చికబయలుకి వెళ్తే అక్కడ ఒక్క గుట్ట మీదే ఫోన్ పలుకుతుంది. సాయంత్రం పాలు పితకడం అవగానే సల్కినాయ్ ఆ గుట్టెక్కి కూర్చునేది. పెరుగు తీగ సాగితే ఏం చెయ్యాలి, పుల్లబడితే ఏం చెయ్యాలి, బజారు కురుత్‌లో పిండి కలిపారో లేదో నానబెట్టి ఎలా కనిపెట్టాలి, అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబు చెప్పేది. నా దగ్గర కొనండని మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా అనలేదు. సిగ్గేసింది, అంతే.

ఆమె భర్త జెనిష్‌కి ఒళ్ళు మండేది. "ఊరందరికీ తోడు పంచిపెడితే ఎవరి పెరుగు వాళ్ళే చేసుకుంటారు. ఇంక నీ సరుకు ఎవడు కొంటాడే పిచ్చిదానా?"

"అయితే తోడుకి డబ్బడగమంటావా? మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

"లేచొచ్చినా ముందు తోడే పంచుతుందిలే, నీ అలవాటు ఆవిడదేగా!"

కానీ జరిగింది వేరు. ఇంట్లో పెరుగు కుదిరినవాళ్ళు కురుత్ కూడా చేద్దామని కూర్చున్నారు. బిందెడు పెరుగు మూటగడితే దోసెడు ఉండలు తేలాయి. బాల్కనీలో ఆరబెడితే సగం కాకులు తిన్నాయి, సగం బూజు పట్టాయి. అప్పుడు తెలిసింది వాళ్ళకి, అది ఎంత చాకిరో. "అక్కా, నీ చేత్తో చేసిందే పంపు" అని ఒకళ్ళ వెనక ఒకళ్ళు రాయడం మొదలెట్టారు. రెండో వేసవికి ఇంటి పాలు చాలలేదు. మూడో వేసవికి చుట్టుపక్కల అయిదిళ్ళ పాలు సల్కినాయ్ బానలోకే వచ్చేవి. జెనిష్ సంచులు కుడుతూ కూడా గొణుగుతూనే ఉండేవాడు.

ఇన్ని వందల మందిలోనూ ఒక్క ఉండ కూడా కొననివాడు ఒకడున్నాడు. కనుమకి అవతల తలాస్‌లో ఉండే ఎసెన్‌గుల్ మాస్టారు. పిల్లలకి నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అందరూ రాస్తే ఈయన ఫోన్ చేసేవాడు, అదీ రోజూ.

"అమ్మాయ్, వేలు పెడితే ఓర్చుకునేంత వేడి అన్నావు. ఎవరి వేలు? నీది పొయ్యి దగ్గర కాలిన వేలు. నాది సుద్దముక్క పట్టిన వేలు. డిగ్రీల్లో చెప్పు."

డిగ్రీలంటే సల్కినాయ్‌కేం తెలుసు? పశువుల డాక్టరుని బతిమాలి థర్మామీటరు తెచ్చుకుని, కొలిచి చెప్పింది. మర్నాడు కంబళి ఎన్ని మడతలని అడిగాడు. ఆ మర్నాడు, గిన్నె కిటికీకి ఎంత దూరంలో ఉండాలని. జెనిష్ ఫోన్ తీసి చూసి, "ఇదుగో, నీ లెక్కలు మోగుతున్నాయి" అని నవ్వేవాడు. "ఒక్క గింజ కొనడు, రెండేళ్ళ నుంచి నీ చెవి కొరుకుతున్నాడు. ఫీజు కట్టమను."

"ముసలాయన, పోనీ. ఆయనకి ఇంకెవరున్నారో ఏమో" అనేది సల్కినాయ్. ఒక్కోసారి ఆమెకీ విసుగొచ్చేది. అయినా ఫోన్ మాత్రం తీసేది.

సెప్టెంబరు వచ్చింది. మందలు దిగి ఊళ్ళోకొచ్చాయి. మంచు పడేలోపు ఇంకో మూడు వారాలు గట్టి ఎండ ఉంటుంది, చలికాలానికి అందరికీ మాటిచ్చిన కురుత్ ఆ ఎండలోనే ఆరాలి. సరిగ్గా అప్పుడే కొంప మునిగింది.

జెనిష్ తమ్ముడికి ఆ వేసవిలోనే పెళ్ళయింది. కొత్త కోడలు అయ్‌పెరి పట్నం పిల్ల, మంచి పిల్ల. మన దగ్గర కొత్త కోడలంటే తెలిసిందేగా, మొదటి ఏడు అందరికంటే ముందు లేచి ఇల్లు అద్దంలా పెట్టాలి, లేకపోతే ఊరి ఆడవాళ్ళ నోళ్ళలో నలిగిపోతుంది. ఆ పిల్ల టీ కాచే సమోవర్ తోమింది, కిటికీలు తోమింది, ఆఖరికి పొయ్యి గొట్టం కూడా తోమింది. ఒక తెల్లవారుజామున సల్కినాయ్ పాలు పితకడానికి వెళ్ళినప్పుడు, మూలనున్న చెక్కబాన అయ్‌పెరి కంట పడింది. లోపలంతా పొగచూరి నల్లగా ఉంది, అంచున పెచ్చులు కట్టింది, అడుగున చారెడు పాత పెరుగు మిగిలింది. పాపం అక్కకి తీరిక దొరకలేదు కాబోలనుకుంది. ఆ పెరుగు కుక్కకి పోసింది. మరిగే నీళ్ళూ సబ్బూ పట్టించి బానని మూడుసార్లు రుద్దింది. చెక్క తెల్లగా తేలింది.

సల్కినాయ్ పాల బకెట్లతో లోపలికొచ్చి బానని చూసింది. బకెట్లు కింద పెట్టింది.

"బాగా వచ్చింది కదా అక్కా!" అంది అయ్‌పెరి మెరిసే మొహంతో.

"అందులో... పెరుగు?"

"పులిసిపోయింది అక్కా, కుక్కకి పోశాను."

సల్కినాయ్ గుమ్మం మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. అసలు ఆమె ఎప్పుడూ ఒక ఆరిన గుడ్డ పెట్టె అడుగున దాచేది. నాలుగు రోజుల కిందట ఓష్ నుంచి ఒక బాలింత అడిగింది. పంచే గుడ్డలన్నీ అయిపోయాయి. అడిగాక లేదనలేక, దాచుకున్నదే పంపేసింది. ఆత్రంగా ఆ బాలింతకి ఫోన్ చేస్తే, గుడ్డ నిన్ననే అందిందనీ, తొందరలో మరిగే పాలలో వేశాననీ, పాలు విరిగిపోయాయనీ చెప్పింది. ఇంకోటి పంపుతావా అక్కా అని కూడా అడిగింది.

సంగతి తెలిసి అయ్‌పెరి గజగజ వణికింది. "నన్ను పుట్టింటికి పంపించేస్తారా?" అని ఏడ్చింది. జెనిష్ ఆ పిల్లని ఏమీ అనలేక, కోపమంతా పెళ్ళాం మీద తీర్చుకున్నాడు. "ఇల్లు ఊడ్చి ఊళ్ళకి పంచావు. మనకి చారెడు మిగుల్చుకోవాలన్న ఇంగితం ఉండక్కర్లా?" కాసేపటికి తనే చల్లబడ్డాడు. "సరే, పక్కింటి తోడు తెచ్చి వేసెయ్. కురుత్ కురుత్తే. తినేవాడికేం తెలుస్తుంది?"

మా ఊళ్ళో ఏ ఇంటి తోడు ఆ ఇంటిదే, పక్కింటిది తెచ్చుకోవడమంటే సొంత ఇంటిని చిన్నబుచ్చడమే. అయినా గతిలేనప్పుడు తప్పు లేదు. సల్కినాయ్‌కి ఒక్క క్షణం మనసు లాగింది కూడా. అయిదిళ్ళ పాలు వాకిట్లో ఉన్నాయి. మూడు వారాల ఎండ ఉంది. ఎవరికీ తెలియదు.

"నాకు తెలుస్తుంది కదయ్యా" అంది చివరికి. "వాళ్ళు డబ్బిచ్చి కొంటున్నది అమ్మ పెరుగు. వేరేది పెట్టి అదే అని ఎలా చెప్పను?"

ఆ రోజే ఫోన్ పట్టుకుని ఉన్నదున్నట్టు మాట్లాడింది. "నా తోడు పోయింది. తప్పు ఎవరిదీ కాదు. నేను ఇచ్చిన తోడు, ఇంకేదీ కలపకుండా, తెగనివ్వకుండా మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క చెంచాడు పంపండి. అది దొరికితేనే ఈ ఏడు కురుత్. దొరక్కపోతే నన్ను క్షమించండి, ఇచ్చిన బయానాలు తిరిగి పంపేస్తాను." తోమినవాళ్ళ పేరు చెప్పలేదు. అయ్‌పెరి తలుపు చాటున నిలబడి అంతా విన్నది.

"అయిపోయింది. నీ దుకాణం నీ నోటితో నువ్వే మూశావు" అన్నాడు జెనిష్.

మూడో రోజు నుంచి సీసాలు రావడం మొదలైంది. అద్దె కార్ల డ్రైవర్లు రోడ్డు మీద హారన్ కొట్టి ఇచ్చిపోయేవాళ్ళు. జామ్ సీసాలు, ఊరగాయ సీసాలు, పసిపిల్లల పాలసీసా కూడా ఒకటి. ఒక్కోదాని మీద కాగితం, "అక్కా, నీదే, తీసుకో" అని. ఇంతమంది ఇంత దూరాల నుంచి పంపుతారని సల్కినాయ్ కలలో కూడా అనుకోలేదు. ప్రతి సీసా మూత తీసి రుచి చూసింది. ఒకదాంట్లో కొట్టు పెరుగు కలిసింది. ఒకదాంట్లో పంచదార పడింది. ఇంకోటి పులిసి పులిసి వేరే దారి పట్టింది. కొన్ని బాగున్నాయి, చాలా బాగున్నాయి, కానీ అమ్మ లేదు వాటిలో. ఖాళీ గిన్నె తిప్పిపంపే అలవాటు మనకి లేదు కాబట్టి, ప్రతి సీసానీ కడిగి, గుప్పెడు పాత కురుత్ వేసి వెనక్కి పంపింది.

"పనికిరాని పెరుగుకి కూడా ఎదురు కట్నాలా!" అని జెనిష్ తల బాదుకున్నాడు. కానీ ఆ సీసాలని డ్రైవర్లకి అందించింది తనే.

పదకొండు రోజులు గడిచాయి. ముప్ఫైకి పైగా సీసాలు వచ్చాయి. కొండల మీద అప్పుడే సన్నగా మంచు కనిపిస్తోంది. సల్కినాయ్ చెంచా పక్కన పెట్టేసింది. "ఇంక చాలు. రుచి నా నాలుక మీదే చెదిరిపోతోంది. ఇంకో నాలుగు చూస్తే అసలుది వచ్చినా గుర్తుపట్టలేను" అంది. అమ్మ పోయిన రోజు కంటే ఈ రోజే ఎక్కువ పోయినట్టనిపించింది ఆమెకి. అప్పుడు కనీసం బాన నిండుగా ఉంది.

ఆ సాయంత్రం పొద్దు కొండ వెనక్కి దిగుతుండగా వాకిట్లో ఒక ముసలాయన నిలబడ్డాడు. తలమీద తెల్లటి ఉన్ని టోపీ, భుజాన చిక్కుడు గింజల సంచి, కోటు లోపల ఏదో ఉబ్బెత్తుగా.

"అమ్మాయ్, సల్కినాయ్ అంటే నువ్వేనా? గొంతు విని ఇంకా లావుగా ఉంటావనుకున్నాను."

"ఎసెన్‌గుల్ మాస్టారూ!" గొంతు గుర్తుపట్టేసింది ఆమె. "పది రోజులై ఫోన్ లేదేమిటి? నేను చేసినా పలకలేదు. మీకేమైనా అయిందేమోనని..."

"ఫోన్ పాలగిన్నెలో పడి చచ్చింది. నీ కబురు నిన్ననే పక్కింటావిడ వినిపించింది. పొద్దున్నే బయల్దేరాను, కనుమ మీద కారు ఆగిపోయింది, లేకపోతే వెలుగుండగానే వచ్చేవాణ్ణి." కోటు విప్పి, ఉన్నిగుడ్డ చుట్టిన సీసా బయటికి తీశాడు. సల్కినాయ్ చెయ్యి చాచింది. ఆయన సీసాని వెనక్కి లాక్కున్నాడు.

"పొద్దు గుంకింది."

"ఏమిటీ?"

"పొద్దుగుంకాక తెల్లనిది చేతులు మారకూడదని చెప్పింది నువ్వే. మొదటి వారం, గురువారం నాడు. రాసుకున్నాను."

జెనిష్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మాస్టారూ, ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి! ఒక్క చుక్క నాలుక మీద వేస్తే ఏమవుతుంది?"

"ఇప్పటిదాకా నియమం తప్పలేదు నాయనా. ఇప్పుడు తప్పి పాడుచేసుకోనా?"

ఇంక ఏం చేస్తారు? టీ కాచారు, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెలు పెట్టారు, మాంసం ఉడికించారు. మాస్టారు సీసాని ఒళ్ళో పెట్టుకునే తిన్నాడు. భోజనం మధ్యలో జెనిష్ ఉండబట్టలేక అడిగేశాడు. "రెండేళ్ళుగా రోజూ ఫోన్ చేశారు. ఒక్క కురుత్ కొనలేదు. ఎందుకండీ ఇంత?"

ఆయన టీ గిన్నె కింద పెట్టాడు. "మా ఆవిడ పోయిన నెలకి అడిగాను తోడు. నలభై ఏడేళ్ళు ఆవిడ పెట్టిన పెరుగు తిన్నాను, ఎలా తోడేస్తారో ఒక్కరోజు చూడలేదు. పొద్దున లేవడానికి మనిషికి ఏదో ఒక పని ఉండాలి కదా. ఈ అమ్మాయి చెప్పింది, నేను చేశాను. అడిగిన ప్రశ్నల్లో కొన్ని అవసరమైనవి కావు, అది నాకూ తెలుసు. ఒక మనిషి గొంతు వినాలనిపించేది. కురుత్ కొనకపోవడానికి కారణం, నాకు పై పళ్ళు లేవు." జెనిష్ తల వంచుకున్నాడు. ఆయన గిన్నెలో మళ్ళీ టీ పోశాడు.

తెల్లారి మొదటి ఎండ కిటికీ మీద పడగానే మాస్టారు లేచి, మొహం కడుక్కుని, సీసా రెండు చేతులతో అందించాడు. దాంతోపాటు ఒక స్కూలు నోటుపుస్తకం. ఏ రోజు ఎన్ని గంటలకి తోడేశాడు, పాల వేడి ఎంత, కంబళి ఎన్ని మడతలు, ఒక్క రోజు కూడా వదలకుండా రాసి ఉంది. సల్కినాయ్ చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది.

ముందు పులుపు. వెనకాల సన్నటి తీపి. పొగ వాసన లేదు, అది బానలో వచ్చేది, సీసాలో ఎక్కడిది? కానీ మిగతాదంతా అమ్మే. అచ్చంగా అమ్మే. ఆమె మాస్టారి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మా అమ్మని తెచ్చారు మాస్టారూ" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుపు తరవాత. పాలు చల్లారిపోతున్నాయి, చూసుకో" అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

సల్కినాయ్ అయ్‌పెరిని పిలిచింది. ఆ పిల్ల పది రోజులుగా ఎవరి మొహమూ చూడడం లేదు. "రావే, అర్చా కొమ్మలు కాల్చి బానకి పొగ పట్టు. మళ్ళీ నల్లగా అవ్వాలి. తరవాత తోడు నువ్వే వెయ్యి."

"నేనా అక్కా? నా చేత్తోనా?"

"నీ చేత్తోనే. ఈ ఇంట్లో రేపు తోడు నిలబెట్టాల్సినదానివి నువ్వే కదా. కలిపేటప్పుడు ఎడమ చెయ్యి పెట్టకు, అంతే."

ఆ రోజంతా తోడేశారు, మర్నాడు మూటలు కట్టారు. ఇంకా వారం పదిరోజుల ఎండ మిగిలింది. మాటిచ్చినంత కాకపోయినా, అందరికీ కొంచెం కొంచెం అందుతుంది. ఆ సంగతే ఫోన్లో చెప్పింది సల్కినాయ్. బయానా వెనక్కి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

మాస్టారి సీసా ఖాళీ అయింది. కడిగి, నిండా కురుత్ పోసి ఇచ్చింది. ఆయన జేబు తడుముకున్నాడు. "ఎంతమ్మా?"

"తోడు మీరెంతకి ఇచ్చారు మాస్టారూ?"

ఆయన చెయ్యి జేబులోంచి తీసి, సీసాని కోటు లోపల పెట్టుకున్నాడు. జెనిష్ కారు బయటికి తీసి, నేను దింపుతానన్నాడు. కనుమ దాటించి, తలాస్‌లో ఇంటి గుమ్మం దాకా దింపి, తన పాత ఫోన్ ఆయన చేతిలో పెట్టి, పొద్దుపోయాక తిరిగొచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. సల్కినాయ్ చేతులు మోచేతుల దాకా పెరుగుముద్దలో ఉన్నాయి. జెనిష్ తీశాడు.

"అమ్మాయేదీ?" అంది అవతల గొంతు. "ఈ కురుత్ రాయిలా ఉంది. నానబెట్టాలని తెలుసు. ఎన్ని గంటలు? నీళ్ళు ఎన్ని డిగ్రీలు?"

జెనిష్ పెళ్ళాం వంక చూశాడు. ఆమె నవ్వాపుకుంటూ ఉండలు చేస్తోంది.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి మాస్టారూ, కొలిచి చెప్తాను" అని, జెనిష్ థర్మామీటరు కోసం అటకంతా వెతకడం మొదలెట్టాడు.